అమ్మకు చెప్పకుండా ఆపరేషన్ చేయనంటున్న డాక్టరు

తూరుపుగాలి | ఆదివారం, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. ఈ వేదికలో డాక్టర్లు, నర్సులు ఉన్నారని తెలిసి రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

మా అమ్మకు 61 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెటూరు. శ్రావణమాసంలో పొట్ట ఉబ్బిందని చూపిస్తే నీరు చేరిందన్నారు. స్కాన్, ముక్క పరీక్ష అయ్యాక అండాశయ క్యాన్సర్, మూడో దశ అని తేలింది. రిపోర్టు అన్నయ్య చేతికి ఇచ్చారు. ఆసుపత్రి మెట్ల మీదే అన్నయ్య, వదిన, నేను ఒక మాట అనుకున్నాం: అమ్మకు తెలియకూడదు. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఆమె గుండె ఎంతటిదో మాకు తెలుసు.

కీమో ఇచ్చే డాక్టరు గారు మా మాట మన్నించారు. "పొట్టలో గడ్డ ఉందమ్మా, నీరు మళ్లీ చేరకుండా మందులు ఎక్కిస్తాం" అని చెప్పారు. ముందు బోర్డు మీద ఆ జబ్బు పేరు ఉంటుందని అమ్మను ప్రతిసారీ వెనక గేటు నుంచి తీసుకెళ్లేవాళ్లం. ఫైలు మీద పేరు కనబడకుండా అన్నయ్య పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేశాడు. జుట్టు రాలితే మందుల వేడి అన్నాం. మూడు కీమోలు అయ్యాయి. రెండో దాని తర్వాత జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది, అది తప్ప పెద్ద ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఆపరేషన్. గర్భసంచి, రెండు అండాశయాలు, లోపల కొవ్వు పొర తీసేస్తారట. సర్జన్ వేరే ఆసుపత్రిలో ఉంటారు. నిన్న ఆవిడ ఫైలు చూసి, అమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడి, మమ్మల్ని పక్క గదిలోకి పిలిచారు. "ఏ జబ్బుకు ఏ ఆపరేషనో ఆమెకు తెలియదు. ఆమెకు తెలియకుండా నేను కత్తి పట్టను. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అన్నారు. అన్నయ్య ఎన్ని కాగితాల మీదైనా సంతకం చేస్తానన్నాడు. డబ్బు ముందే మొత్తం కడతానన్నాడు. ఆవిడ మెత్తగానే మాట్లాడారు, కానీ ఒక్క అంగుళం కదలలేదు.

డాక్టరు పని వైద్యం చేయడం. ఇంట్లో ఎవరికి ఏది చెప్పాలో ఇంటివాళ్లకు తెలియదా? వేరే సర్జన్‌ను చూసుకుందామని అన్నయ్య అంటున్నాడు. ఆవిడ పట్టుదల న్యాయమేనా? గురువారం లోపు తేల్చుకోవాలి.

వేదిక నిర్వహణ | ఆదివారం, రాత్రి 10.05

సభ్యులకు మనవి. ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు ఎవరూ రాయవద్దు, అడగవద్దు.

పాతచీటీ | ఆదివారం, రాత్రి 10.40

అమ్మా తూరుపుగాలి, నేను 1979 నుంచి ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాను. అనంతపురం, నెల్లూరు జిల్లాల్లో ఎక్కువ కాలం. మీరు చేసింది తప్పని నేను అనలేను, ఎందుకంటే ఆ పని నేను కొన్ని వందల సార్లు చేశాను.

మా రోజుల్లో రాచపుండు అన్న మాట రోగి ముందు ఎత్తేవాళ్లం కాదు. రౌండ్స్‌లో మంచం పక్కన నిలబడి క్యాన్సర్‌ను "మైటాటిక్" అనేవాళ్లం, టీబీని "కాక్స్" అనేవాళ్లం. రోగికి అర్థం కాకూడదనే ఆ మాటలు వాడాం. తర్వాత కొడుకునో అల్లుడినో వరండాలోకి పిలిచి అసలు సంగతి చెప్పేవాళ్లం. అది దయ అనుకున్నాం. మందు లేని జబ్బు పేరు చెప్పి బతికి ఉన్న నాలుగు రోజులూ ఏడిపించడం దేనికని మా గురువులే నేర్పారు.

తల్లి మీద ప్రేమతో చేసిన పనికి మీరు సిగ్గుపడనక్కరలేదు. ఆ సర్జన్ కాస్త పట్టూవిడుపూ చూపవచ్చు.

గోరింటపూత | ఆదివారం, రాత్రి 11.15

దయచేసి చెప్పనివ్వకండి. మా ఇంట్లో జరిగింది రాస్తాను.

మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఓపీ గదిలో మా వెనక మరో ముగ్గురు రోగులు నిలబడి ఉన్నారు. డాక్టరు కంప్యూటర్ వైపు చూస్తూనే "క్యాన్సర్, నాలుగో స్టేజీ, ఆరు నెలలు" అని, "తర్వాత ఎవరు?" అన్నారు. అంతే. నాన్న ఇంటికి వచ్చి చెప్పులు విప్పలేదు. చీకటి పడేదాకా అరుగు మీద చెప్పులతోనే కూర్చున్నారు. అమ్మ మూడుసార్లు పిలిచినా లోపలికి రాలేదు. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. ఆరు నెలలన్నవారు పదకొండు వారాలకే పోయారు. జబ్బు కంటే ఆ మాటే ఆయనను తీసుకుపోయిందని నేను ఈనాటికీ నమ్ముతాను.

కీమోగది | సోమవారం, ఉదయం 6.20

తూరుపుగాలి గారూ, నేను పద్నాలుగేళ్లుగా క్యాన్సర్ వైద్యుడిని. మీ ప్రశ్నకు జవాబు తర్వాత రాస్తాను. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన జ్వరం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

అమ్మ ఇంట్లో జ్వరంతో ఎంతసేపు ఉన్నారు? ఆ మందుల తర్వాత జ్వరం వస్తే వెంటనే రావాలని ఆమెకు, మీకు కాదు, ఆమెకు ఎవరైనా చెప్పారా?

తూరుపుగాలి | సోమవారం, ఉదయం 8.10

శనివారం సాయంత్రం మొదలైందట. అన్నయ్యకు సెలవు రోజు పాడవుతుందని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేసుకుని పడుకుంది. సోమవారం పొద్దున పాలు పోయించుకోవడానికి కూడా లేవలేకపోతే పక్కింటి పిన్నిగారు నాకు ఫోను చేశారు. వెళ్లేసరికి చేతులు చల్లబడి ఉన్నాయి. తెల్ల రక్తకణాలు 600 అన్నారు.

జ్వరం గురించిన కాగితం ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. దాని మీద "కీమో తర్వాత జాగ్రత్తలు" అని ఉంది కనుక అన్నయ్య తన దగ్గరే పెట్టుకున్నాడు.

కీమోగది | సోమవారం, మధ్యాహ్నం 2.30

మీ ఇంట్లో ఎవరినీ నిందించడానికి రాయడం లేదు. ఇది ఒక్కసారి నిదానంగా చూడండి.

ఈ మందులు గడ్డ కణాలతో పాటు ఎముక మజ్జలో పుట్టే తెల్ల రక్తకణాలనూ దెబ్బతీస్తాయి. మందు ఎక్కించిన వారం నుంచి రెండు వారాల మధ్య అవి బాగా పడిపోతాయి. మామూలుగా వాటి సంఖ్య 4,000 నుంచి 11,000 దాకా ఉంటుంది, మీ అమ్మగారికి 600 ఉంది. ఆ స్థితిలో ఒంట్లోకి సూక్ష్మక్రిమి చేరితే ఎదిరించే సేన లేదు. కొన్ని గంటల్లో బీపీ పడిపోవచ్చు. ఆమె శనివారం నుంచి సోమవారం దాకా నిలిచారంటే అదృష్టం. జబ్బు నుంచి కాదు, మనం దాచిన మాట నుంచి ఆమెకు ప్రాణం మీదికి వచ్చింది. తను కీమో తీసుకుంటున్నానని తెలిసి ఉంటే ఆ శనివారం రాత్రే ఫోను చేసేవారు.

రోగికి నిజం చెప్పడాన్ని చాలామంది మర్యాదకు సంబంధించిన విషయంగా చూస్తారు. మా పనిలో అది మందు మోతాదు అంత ముఖ్యం. నొప్పి ఎక్కడ, ఊపిరి ఎప్పుడు ఆడలేదు, రక్తం కనబడిందా, ఇవి ఆమె చెబితేనే మాకు తెలుస్తాయి. ఏది ప్రమాదమో తెలియని మనిషి ఏది చెప్పాలో ఎలా తెలుసుకుంటుంది?

మొదటి డాక్టరు గురించి కూడా నిజాయితీగా రాయాలి. నేనూ అదే పని చేశాను. ఓపీలో రోజుకు 80 మంది. కొడుకు ముందే వచ్చి చేతులు పట్టుకుని "అమ్మకు చెప్పకండి సార్" అంటాడు. సరే అనడానికి అరనిమిషం చాలు. కాదంటే అరగంట పడుతుంది. చాలాసార్లు మేము దయతో ఒప్పుకోలేదు, టైము లేక ఒప్పుకున్నాం.

గోరింటపూత గారూ, మీ నాన్నగారి విషయంలో జరిగింది వైద్య ధర్మానికి పూర్తిగా విరుద్ధం. పరాయి మనుషుల ముందు చెప్పడం ఒక తప్పు. ఆరు నెలలని లెక్క కట్టి చెప్పడం మరో తప్పు, ఎవరికీ అంత కచ్చితంగా తెలియదు. చెప్పి వదిలేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. మీ బాధ నాకు అర్థమైంది. దానికి మందు దాచడం కాదు, చెప్పడం నేర్చుకోవడం. అది మాలాంటి వాళ్లు నేర్చుకోవాలి.

గోరింటపూత | సోమవారం, మధ్యాహ్నం 3.05

మీరు మంచి మనసుతో రాశారు. కానీ మీలా చెప్పేవారు ఎంతమంది? చెప్పడం రాని డాక్టరు చేతికి ఆ మాట ఇవ్వడం కంటే దాచడమే నయమని నేను ఇంకా అంటాను.

వకీలు వీధి | సోమవారం, సాయంత్రం 7.45

చట్టం ఏమంటుందో రాస్తాను. హైదరాబాద్‌లో న్యాయవాదిని, వైద్య నిర్లక్ష్యం కేసులు చూస్తాను.

మన దేశంలో అల్లోపతి డాక్టర్ల నడవడికకు ఆధారం 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమావళి ప్రకటించింది, అదే నెల 23న దాన్ని పక్కన పెట్టింది. కాబట్టి 2002 నాటిదే నడుస్తోంది.

అందులో 2.3 నిబంధన ఈ చర్చకు నేరుగా తగులుతుంది. జబ్బు తీవ్రతను డాక్టరు పెంచి చెప్పకూడదు, తగ్గించి చెప్పకూడదు. ఇంతవరకు స్పష్టం. తర్వాతి వాక్యంలో, రోగికి గానీ, బంధువులకు గానీ, బాధ్యత గల మిత్రులకు గానీ, రోగికీ కుటుంబానికీ మేలు చేసేంత మేరకు స్థితి తెలిసి ఉండేలా చూడాలని ఉంది. ఆ "గానీ"లోనే మన ఇళ్లలో జరిగేదంతా ఇమిడి ఉంది. కొడుక్కు చెప్పాను కదా, నా బాధ్యత తీరిందని డాక్టరు అనుకునే వీలు ఆ వాక్యం ఇస్తోంది.

ఆపరేషన్‌కు వచ్చేసరికి ఆ వీలు లేదు. 7.16 నిబంధన ఆపరేషన్‌కు ముందు రాతపూర్వక అనుమతి కావాలంటుంది. అక్కడా భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, లేదా రోగి అని రాశారు. అందుకే మన ఆసుపత్రుల్లో సంతకానికి మొదట భర్త కోసం వెతుకుతారు. అయితే 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ చిక్కు విప్పింది. ఢిల్లీలో 44 ఏళ్ల స్త్రీ. పరీక్ష కోసం పొట్టలోకి కెమెరా గొట్టం వేయడానికి ఆమె ఒప్పుకుంది. మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ తల్లి అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. స్పృహ, వివేకం ఉన్న పెద్ద మనిషి విషయంలో ఆమె అనుమతే అనుమతి. ప్రాణం నిలపడానికి ఆ క్షణమే చేయక తప్పకపోతే తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు. అనుమతి అంటే ఉత్త సంతకం కూడా కాదు. ఏమి చేస్తారు, ఎందుకు, వేరే దారి ఉందా, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పిన తర్వాతి మాటే అనుమతి.

మీ అమ్మగారికి తీసేది సరిగ్గా ఆ అవయవాలే. అమ్మగారి చేత సంతకం పెట్టించినా, గడ్డ అని చెప్పి పెట్టిస్తే అది నిలవదు. ఆ సర్జన్ పట్టుదల మీ అమ్మగారి హక్కు కోసం. వేరే సర్జన్ దొరకవచ్చు. అడగకుండా కోసే సర్జన్ చేతిలో అమ్మను పెట్టడానికి మీకు మనసు ఒప్పుతుందా?

ఇంకొక మాట. రిపోర్టు మొదట ఎవరి చేతికి ఇవ్వాలో అమ్మగారిని ఎవరూ అడగలేదు. మీరు పరాయివారు కాకపోవచ్చు, కానీ ఆ కాగితం ఆమె శరీరానికి సంబంధించినది. ఆమె అడిగితే మొత్తం రికార్డు 72 గంటల్లో ఇవ్వాలని ఆ నియమావళిలోనే ఉంది.

పాతచీటీ | సోమవారం, రాత్రి 9.20

కోర్టులు మొన్న వచ్చాయి. వైద్య ధర్మం పాతది. చరక సంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో గురువు శిష్యుడికి చెప్పే మాటలున్నాయి. రోగి ఇంటి సంగతులు బయట చెప్పవద్దు. రోగి ఆయుష్షు తగ్గిందని తెలిసినా, చెప్తే రోగికో ఇతరులకో దెబ్బ తగిలే చోట చెప్పవద్దు. 2022లో వైద్య కమిషన్ కొత్త విద్యార్థుల చేత చరక శపథం చేయించమంటే పెద్ద వివాదమే నడిచింది. శపథం ఏదైనా చేయించండి, ఈ వాక్యం మాత్రం నాకు ఇష్టం. మా గురువులు నేర్పింది అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

కీమోగది | సోమవారం, రాత్రి 10.10

డాక్టరు గారూ, మీ అనుభవానికి నమస్కారం. ఆ వాక్యం నాకూ ఇష్టమే, కానీ మీకు కనబడింది నాకు కనబడలేదు. చరకుడు చెప్పవద్దన్నది ఆయుష్షు లెక్క. జబ్బు పేరు దాచమనలేదు. దెబ్బ తగిలే చోట చెప్పవద్దన్నాడు. అంటే చోటు, వేళ, మనిషి చూసి నడుచుకోమని. గోరింటపూత గారి నాన్నగారికి "ఆరు నెలలు" అన్న డాక్టరు తప్పింది సరిగ్గా ఆ మాటే.

ఇది మన సంస్కృతి, పడమటి వాళ్లది వేరు అని కూడా అంటారు. 1961లో అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. అప్పటి డాక్టర్లలో 90 శాతం మంది క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. అదే ప్రశ్నావళి 1979లో మళ్లీ ఇస్తే 97 శాతం మంది చెప్పడమే మేలన్నారు. పద్దెనిమిదేళ్లలో వాళ్ల సంస్కృతి మారిపోలేదు. ఈ మధ్యలో మందులు వచ్చాయి, రోగులు అడగడం మొదలుపెట్టారు, డాక్టర్లు చెప్పడం నేర్చుకున్నారు. ప్రపంచ వైద్య సంఘం 1948లో రాసుకున్న, డాక్టర్లు చేసే జెనీవా ప్రతిజ్ఞలో కూడా రోగి స్వయంనిర్ణయాన్ని గౌరవిస్తానన్న మాట 2017లో గానీ చేరలేదు.

మీరు "మందు లేని జబ్బు" అన్నారు. మీ రోజుల్లో చాలామందికి అది నిజం. తూరుపుగాలి గారి అమ్మగారికి మందు ఉంది, ఆపరేషన్ ఉంది, ఆ తర్వాత మళ్లీ మూడు కీమోలు ఉన్నాయి. ఇవన్నీ ఆమె ఒళ్లు భరించాలి. ఎందుకో తెలియకుండా ఎలా భరిస్తుంది?

రాత్రిడ్యూటీ | మంగళవారం, తెల్లవారుజాము 4.50

స్టాఫ్ నర్సుని. క్యాన్సర్ వార్డులో తొమ్మిదేళ్లు. డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చి వెళ్తారు, బంధువులు పది గంటలకు నిద్రపోతారు. రాత్రి రెండింటికి బెల్లు నొక్కి రోగి అడిగేది మమ్మల్ని. "అమ్మాయ్, నాకేమి జబ్బు?" అని. నాకు చెప్పే అధికారం లేదు. సెలైన్ సీసా సరిచేస్తున్నట్టు అటు తిరిగి నిలబడతాను. అలా ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్క లేదు.

అనుమతి పత్రం ఎలా సంతకం చేయిస్తారో కూడా ఎవరో ఒకరు రాయాలి. రోగాన్ని ఇంగ్లిషులో రాసిన సగం కాగితాన్ని వెనక్కు మడిచి, కింద గీత మాత్రం కనబడేలా ప్యాడ్‌కు క్లిప్పు పెట్టి "ఇక్కడ పెట్టండమ్మా" అంటారు. ఒకావిడ వేలిముద్ర వేశాక ఆ మడతను వేలితో మెల్లగా విప్పబోయింది. కూతురు చేయి పట్టుకుని ఆపింది. నేను చూస్తూ ఊరుకున్నాను. అది నా తప్పే.

తూరుపుగాలి గారూ, మీ సర్జన్ మేడమ్ లాంటి వాళ్లతో పనిచేసిన రోజున మాకు రాత్రి నిద్ర పడుతుంది.

మూడోమంచం | మంగళవారం, ఉదయం 9.00

నేను రోగిని. పెద్దపేగు క్యాన్సర్, ఆరేళ్లయింది. మా ఇంట్లో కూడా మొదట దాచారు.

తెలిశాక ఏడ్చాను, నిజమే. కానీ తెలియక ముందు రోజులే ఎక్కువ భయంకరం. నేను గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. నా తమ్ముడు ఎప్పుడూ లేనిది నా కాళ్లు ఒత్తడం మొదలుపెట్టాడు. ఎవరూ నాతో పోట్లాడటం లేదు. బతికుండగానే నన్ను ఫోటో చేసి గోడకు తగిలించినట్టు అనిపించింది. పేరు తెలిసిన రోజు రాత్రి మా ఆవిడ నాతో అప్పుల లెక్క మాట్లాడింది. అప్పుడు మళ్లీ ఇంట్లో మనిషినయ్యాను.

సముద్రాల అవతల | మంగళవారం, మధ్యాహ్నం 12.30

డల్లాస్ నుంచి. ఇక్కడ ఇంకో చివర ఉంది. 2021 నుంచి పరీక్ష ఫలితాలు తయారవగానే రోగి ఫోనులో కనబడాలి. మా మామగారు పార్కులో నడుస్తూ బయాప్సీ ఫలితం తెరిచారు. డాక్టరు ఫోను మర్నాడు వచ్చింది. హక్కు ఉంది, చేయి పట్టుకునే మనిషి లేరు. రెండూ కావాలని నాకు అనిపించింది.

తూరుపుగాలి | మంగళవారం, రాత్రి 9.30

అన్నీ చదివాను. అన్నయ్యకూ పంపాను. అతను చదివాడో లేదో తెలియదు. నాకు ఆ శనివారం, సోమవారం మధ్య రోజులే కళ్ల ముందు తిరుగుతున్నాయి.

చెప్పేదాకా వస్తే ఎలా చెబుతారు? నిజంగా అమ్మ వినలేకపోతే?

కీమోగది | మంగళవారం, రాత్రి 10.15

మంచి డాక్టరు చెప్పడంతో మొదలుపెట్టరు, అడగడంతో మొదలుపెడతారు. ఇంతవరకు మీకు ఏమి చెప్పారమ్మా? వివరంగా తెలుసుకోవాలని ఉందా? మీతో మాట్లాడమంటారా, మీ పిల్లల్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా? మూడో ప్రశ్నకు ఆమె "మా అబ్బాయితో మాట్లాడండి, నాకు వద్దు" అంటే అదీ ఆమె నిర్ణయమే. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆమెదే. అప్పుడు నేను జబ్బు పేరు పలకను. జ్వరం, రక్తం లాంటి జాగ్రత్తలు మాత్రం ఆమెకే చెబుతాను. ఆపరేషన్ అయితే ఎంత పెద్దదో, ఏవి తీసేస్తారో కూడా చెప్పాలి. మీరందరూ కలిసి ఆమె తరఫున వద్దనుకోవడానికీ, ఆమె వద్దనడానికీ మధ్య ఉన్న తేడా అంతా ఇదే.

మీరు పక్కన కూర్చోండి. మీరు మాట్లాడనక్కరలేదు.

పాతచీటీ | మంగళవారం, రాత్రి 11.00

నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. వరండాలోకి కొడుకును పిలిచేటప్పుడు ఆ రోగి మొహం చూసిన గుర్తు నాకు లేదు. అటు వెళ్తున్నప్పుడు మంచం మీది మనిషి మమ్మల్ని ఎలా చూసి ఉంటుందో ఈ వయసులో ఇప్పుడు తోస్తోంది. నాడి ఇచ్చిన చేయి ఒకటి, ఫీజు ఇచ్చిన చేయి ఒకటి అయినప్పుడు నేను రెండో చేతినే పట్టుకున్నాను. అమ్మా, ఆదివారం నేను రాసిన "పట్టూవిడుపూ" అన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను. ఆ సర్జన్ దగ్గరికే వెళ్లండి.

తూరుపుగాలి | శనివారం, మధ్యాహ్నం 3.40

గురువారం వెళ్లాం. అన్నయ్య కారు దగ్గరే ఉండిపోయాడు, లోపలికి రానన్నాడు.

సర్జన్ మేడమ్ తలుపు వేయించి, ఫోను సొరుగులో పెట్టి, కుర్చీని అమ్మ పక్కకు జరుపుకున్నారు. కీమోగది గారు రాసిన ప్రశ్నలే దాదాపు అడిగారు. అమ్మ "గడ్డ అన్నారండీ" అంది. "దాని గురించి మీకు చెప్పమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?" అన్నారు. అమ్మ వెంటనే "గడ్డ నా కడుపులో ఉందా, వాడి కడుపులో ఉందా?" అంది.

అప్పుడు మేడమ్ చెప్పారు. "అది క్యాన్సర్ గడ్డ అమ్మా" అని ఆగిపోయారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఏదో అనబోతే కళ్లతోనే వారించారు. అమ్మ ఆవిడను చూడలేదు. నన్ను చూసింది. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అంది. శ్రావణం నుంచి అన్నాను.

అమ్మకు ముందే తెలిసి ఉంటుందని, మా కోసం తెలియనట్టు నటిస్తోందని నేను ఒక మూల ఆశ పెట్టుకున్నాను. లేదు. ఆమెకు నిజంగా తెలియదు. మమ్మల్ని నమ్మింది. ఆ రోజంతా మాతో మాట్లాడలేదు. రాత్రి ఫైలు తెమ్మని, క్యాలెండరు అట్టను తానే చింపింది. "నా ఒంటి సంగతి పక్కింటి పిన్నికి కూడా తెలుసు, నాకు తప్ప" అంది. ఏడ్చింది. తర్వాత ఒక్కో కాగితం తెలుగులో చెప్పమంది. తెల్లవారుజామున రెండు దాకా చెప్పాను.

నిన్న మళ్లీ మేడమ్ దగ్గరికి తనే వెళ్దామంది. ఆపరేషన్ సంక్రాంతి తర్వాత పెట్టుకోవచ్చా అని అడిగింది. కీమోకూ ఆపరేషన్‌కూ మధ్య ఎడం పెరిగితే మంచిది కాదని ఆవిడ కారణం చెప్పారు. అయితే ముందే కానివ్వండి అంది. పూర్తిగా పోతుందా అని అడిగింది. ఆపరేషన్, కీమో కలిపితే చాలామందిలో అదుపులోకి వస్తుంది, మళ్లీ తిరగబెట్టే అవకాశం కూడా ఎక్కువే అని ఆవిడ దాచకుండా చెప్పారు. అమ్మ తలూపి, తిరగబెట్టి ఇక లాభం లేదనే రోజు వస్తే తనను గొట్టాల మీద ఉంచి లాగవద్దని, ఆ మాట ఎక్కడ రాయాలని అడిగింది. అనుమతి పత్రం మొత్తం నా చేత చదివించుకుని సంతకం చేసింది. బుధవారం ఆపరేషన్.

అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. అమ్మతో మాట్లాడుతున్నాడు.

గోరింటపూత | శనివారం, సాయంత్రం 5.00

మా నాన్నకు ఒక్కరు కుర్చీ జరుపుకొని చెప్పి ఉంటే అనుకున్నాను ఇది చదివి. అమ్మగారికి ఆపరేషన్ బాగా జరగాలి.

వకీలు వీధి | శనివారం, సాయంత్రం 6.15

అమ్మగారు అడిగిన మాట రాసుకోవచ్చు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దానికి వీలు కల్పించింది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట రాసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలు. తన స్థితి తనకు తెలిసిన మనిషే అది రాయగలదు. నమూనా కావాలంటే విడిగా సందేశం పెట్టండి.

తూరుపుగాలి | శనివారం, రాత్రి 8.25

తప్పకుండా, వకీలు గారూ.

అమ్మ పక్కనే ఉంది, కీమోగది గారిని ఒకటి అడగమంటోంది. ఆపరేషన్ తర్వాత మూడు కీమోలున్నాయి కదా. జ్వరం ఎంత వస్తే ఫోను చేయాలి? రాత్రి పూట వస్తే తెల్లారేదాకా ఆగవచ్చా? తన మాటల్లోనే రాయమంది.

కీమోగది | శనివారం, రాత్రి 8.50

అమ్మగారూ, నమస్కారం. ఇంట్లో థర్మామీటరు మీ మంచం దగ్గరే పెట్టుకోండి. 100.4 డిగ్రీలు చూపిస్తే చాలు, లేదా చలి, వణుకు వచ్చినా చాలు, ఏ వేళైనా సరే బయలుదేరి ఆసుపత్రికి వెళ్లండి. తెల్లారేదాకా ఆగవద్దు. ముందు పారాసిటమాల్ వేసుకోవద్దు, అది జ్వరాన్ని కప్పేస్తుంది. అక్కడి అత్యవసర విభాగంలో మొదటి మాటే "నేను కీమో తీసుకుంటున్నాను, ఇన్ని రోజులైంది" అని చెప్పండి. ఆ మాట వింటే వాళ్లు మిమ్మల్ని వరసలో కూర్చోబెట్టరు. మీ ఫోనులో మీ ఆసుపత్రి నంబరు మొదటిదిగా పెట్టమని అమ్మాయికి చెప్పండి. సెలవు రోజైనా సరే.